మునియక్క ముక్కుకు అందనిది

మనలి గాలి పీల్చినవాళ్ళకు మునియక్క ముక్కు గొప్పతనం ప్రత్యేకంగా చెప్పక్కరలేదు. పీల్చనివాళ్ళకు చెప్పాలి. తమిళ మహానగరం శివారులోని ఆ పేటకు ఒక పక్క పెట్రోలు శుద్ధి చేసే కర్మాగారం, ఇంకో పక్క రసాయనాల ఫ్యాక్టరీలు. కొత్తగా కాపురానికి వచ్చిన కోడళ్ళు మొదటి నెలంతా చీర కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని తిరుగుతారు. రెండో నెలకు ముక్కే విసిగిపోయి పని మానేస్తుంది. ఆ తర్వాత వాళ్ళకు మల్లెపూలూ మురిక్కాలువా ఒకటే. అలాంటి చోట పుట్టి, కార్పొరేషన్‌లో వీధులూడ్చే ఉద్యోగం చేసి, ఇప్పుడు పింఛను తీసుకుంటున్న మునియక్క ముక్కు మాత్రం ఏనాడూ సెలవు పెట్టి ఎరగదు.

ఒకసారి ఆమె బస్సు దిగుతూనే ఆగి, గాలి పీల్చి, "జెబకుమార్ ఇంట్లో గ్యాసు కారతా ఉంది" అంది. జెబకుమార్ ఇల్లు అక్కడికి రెండు వీధుల అవతల. అతను కరెంటు పనులు చేసుకునే మనిషి. ఆ సమయానికి ఇంటికి తాళం వేసి చర్చిలో కీబోర్డు వాయిస్తున్నాడు. మనుషులు పరుగెత్తి వెళ్ళి తాళం పగలగొట్టి తలుపు తీస్తే నిజంగానే సిలిండరు బుసకొడుతోంది. అప్పటి నుంచి జెబకుమార్ తన ప్రార్థనల్లో మునియక్క ముక్కును విడిగా తలుచుకుంటాడు. వానకు ముందురోజు ఆమె తుమ్ముతుందనీ, ఆ తుమ్ము విని మత్స్యకారులు పడవలు గట్టుకు లాగుతారనీ వీధి పెద్ద ఏళుమలై చెబుతాడు. తుమ్ము సంగతి అబద్ధమైనా కావచ్చు. గ్యాసు సంగతి నిజం.

ఆ ముక్కుకు అంత చదువు చెప్పింది ఆమె మొగుడు కాళిముత్తు. అతను ప్రతి సాయంత్రం తాగి వచ్చేవాడు. అతను సందు మొదట్లో ఉండగానే, వాసనను బట్టి మునియక్క ఆ రోజు సంగతి తెలుసుకునేది. ఒక రకం వాసనైతే పాట పాడతాడు. ఇంకో రకమైతే ఏడుస్తాడు. మరో రకమైతే కంచం విసిరేస్తాడు, ఆ రోజు సత్తు కంచంలో పెట్టాలి. ఇలా చాలా ఏళ్ళు పాఠాలు చెప్పి చెప్పి, ఒకనాడు లివరు చెడిపోయి గురువుగారు వెళ్ళిపోయాడు. మునియక్కకు మిగిలింది ఒక్క కూతురు సరణ్య. ఆ పిల్లకు తాగుబోతు మొగుణ్ణి మాత్రం తేకూడదని ఆమె ఒట్టు పెట్టుకుంది.

అందుకే మోహన్‌రాజ్ పెళ్ళిచూపులకు వచ్చినప్పుడు, కాఫీలు అయ్యాక అతన్ని పెరట్లోకి పిలిచింది.

"ఊదు నాయనా."

"ఏంది అత్తా?"

"నోరు తెరిచి ఊదు. సిగ్గు పడొద్దు. మీ అమ్మతో చెప్పన్లే."

అతను ఊదాడు. కాఫీ, పెప్పర్‌మింటు, కాస్త భయం. అంతే. మునియక్క వెంటనే లోపలికి వచ్చి తాంబూలాలు తెప్పించింది. అతను నీళ్ళ లారీ నడుపుతాడని గానీ, అతని జీతం ఎంతని గానీ అప్పటిదాకా ఆమె అడగనేలేదు.

మునియక్క లెక్క చాలా సులభం. సాయంత్రం ఇంటికొచ్చిన మగవాడి నోట్లో వాసన వస్తే చెడ్డవాడు, రాకపోతే మంచివాడు. పేటలో అందరి లెక్కా అదే. మోహన్‌రాజ్ అత్తగారి పక్కింట్లోనే కాపురం పెట్టాడు. రోజూ లారీ దిగి వచ్చి, చెప్పులు విప్పి, ముందు ఆమె గడప దగ్గర నిలబడి ఒకసారి ఊదేవాడు. ఆమె తల ఊపేది. ఆ తర్వాతే తన ఇంట్లోకి అడుగుపెట్టేవాడు. కాన్వెంటులో సిస్టరమ్మ చేత గోళ్ళు చూపించుకుని క్లాసులోకి వెళ్ళే పిల్లవాడి తీరుగా ఉండేది ఆ వ్యవహారం. సరణ్యకు అది చూస్తే ఒళ్ళు మండేది. మునియక్కకు కడుపు నిండేది.

ఆ ముక్కుకు అసలైన పట్టాభిషేకం ఆడి నెలలో, అంటే ఆషాఢ శ్రావణాల వేళ. ఆ నెలలో వీధి అమ్మవారికి కూళు పోస్తారు. కూళంటే రాగి పిండితో కాచిన అంబలి. పెద్ద కుండ నెత్తిన పెట్టుకుని వీధంతా తిప్పి గుడికి తేవాలి. ఆ కుండ మోసేవాడు చేతికి పసుపు దారం కట్టుకుని, వారం పాటు నీచు ముట్టకుండా, మందు తాగకుండా ఉండాలి. దారం ఎవరైనా కట్టుకోవచ్చు. తాగలేదని తేల్చేదెవరు? అందుకని ఒక ఏడు గుడి కమిటీ వాళ్ళు మునియక్కను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, మగవాళ్ళనందరినీ ఆమె ముందు వరస కట్టమన్నారు. అప్పటి నుంచి అదే ఆచారమైపోయింది.

ఆ వరస చూడడానికి పక్క వీధుల నుంచి కూడా జనం వచ్చేవారు. ఏళుమలై ఏటా ముందు నిలబడేవాడు. ఒక ఏడు యాలకులు నమిలాడు. ఇంకో ఏడు జామాకులు. ఒక ఏడు ఏకంగా నీలగిరి తైలం పుక్కిలించి వచ్చి, మైకులో మాట్లాడబోతే గొంతు రాలేదు.

"ఏళుమలై, పక్కకు పో పా" అనేది మునియక్క కళ్ళు మూసుకునే.

"అక్కా, ఈ రోజు ముట్టుకోలేదు."

"ఈ రోజుది కాదులే, నిన్నటిది. దాని కింద మొన్నటిది కూడా ఉంది, చెప్పమంటావా?"

జనం ఈలలు వేసేవారు. చివరికి ప్రతి ఏడూ కుండ మోహన్‌రాజ్ నెత్తికే ఎక్కేది. మునియక్క కుర్చీలో వెనక్కి వాలి, తన ముక్కు ఏరి తెచ్చిన అల్లుణ్ణి చూసుకుని మురిసిపోయేది.

అయితే కిందటేడు ఆడి నెలకు కాస్త ముందు నుంచీ మోహన్‌రాజ్ తీరు మారింది. ఇంటికి రాగానే కూర్చున్నచోటే జోగేవాడు. అన్నం ముందు పెడితే చేయి కంచంలో ఉండగానే తల వాలిపోయేది. ఒళ్ళంతా గోక్కునేవాడు. కొన్ని రోజులు దానికి పూర్తిగా తలకిందులు. ముక్కు కారడం, ఆవలింతలు, కాళ్ళు పీకడం, విరేచనాలు. మునియక్క అది విషజ్వరమని తేల్చి నేలవేము కషాయం కాచి గొంతులో పోసింది. అతను "మందుల షాపు దాకా పోయొస్తా అత్తా" అని వెళ్ళి, కాసేపటికి ఎండలో ఆరేసిన బట్టలా తేలిగ్గా తిరిగి వచ్చేవాడు.

"చూసినావా నా కషాయం" అనేది మునియక్క.

సరణ్య ఒకసారి అంది, "అమ్మా, ఈయనకు ఏందో ఉంది. మనిషి మనిషిగా లేడు."

"తాగినాడా? లేదు గదా. ఇంక ఏముంటుంది? పని ఎక్కువైంది, అంతే."

కూళు రోజు వచ్చింది. మోహన్‌రాజ్ చేతికి పసుపు దారం ఉంది. వరసలో నిలబడి ఒకటే ఆవలిస్తున్నాడు. కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి. భక్తి ముదిరిందనుకుని మునియక్కకు కూడా కళ్ళు చెమర్చాయి. "ఊదు అల్లుడా" అంది. ఊదాడు. పసుపు, వేపాకు, ఖాళీ కడుపు. నూటికి నూరు వేసి కుండ ఎత్తించింది.

సగం వీధి నడిచాడో లేదో, మోహన్‌రాజ్ కాళ్ళు వణకడం మొదలైంది. చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి. చెమట ధారగా కారింది. పళ్ళు కటకటలాడాయి. ఎవరో కుండ అందుకున్నారు. అతను గుడి ముందు పడిపోయి గిలగిలా కొట్టుకోసాగాడు.

"ఆత్తా వచ్చేసింది, అమ్మవారు పూనింది!" అని ఎవరో ఆడమనిషి కేక పెట్టింది.

ఇంకేముంది, పంబ వాయించేవాళ్ళకు హుషారొచ్చింది. బిందెలతో పసుపునీళ్ళు దిమ్మరించారు. వేపమండలు చేతికిచ్చారు. ఆడవాళ్ళు చుట్టూ మూగి చేతులు జోడించారు. అందరికీ ఉన్న కష్టం ఒకటే కనుక అందరూ ఒకటే అడిగారు.

"తల్లీ, మా వీధికి నీళ్ళ లారీ ఎప్పుడొస్తుంది?"

వణుకుతూనే మోహన్‌రాజ్ అన్నాడు, "ఆడ మోటారు రిపేరు... గురువారం."

జనం నోళ్ళు వెళ్ళబెట్టారు. ఇంత తేటగా వాక్కు ఇచ్చిన అమ్మవారు మనలి చరిత్రలో లేదు. ఆ గురువారం లారీ నిజంగానే వచ్చింది కాబట్టి, ఆ రోజు వచ్చింది అమ్మవారేనని వాదించేవాళ్ళు పేటలో ఇప్పటికీ ఉన్నారు.

"నీకేం కావాలి తల్లీ? చెప్పు, పెడతాం."

"మాత్ర" అన్నాడు మోహన్‌రాజ్. "ఒక్క మాత్ర ఇవ్వండి. చచ్చిపోతా ఉండా."

అమ్మవారు కోడిని అడుగుతుంది, చీర అడుగుతుంది, పొంగలి అడుగుతుంది. మాత్ర అడగడం ఎవరూ విని ఎరగరు. అయినా అడిగాక ఇవ్వకుండా ఎలా? ఆడవాళ్ళు ఇళ్ళకు పరుగెత్తారు. జ్వరం మాత్రలు, గ్యాసు మాత్రలు, ఎముకల బలానికి వేసుకునేవి, బడిలో పిల్లలకిచ్చే నులిపురుగుల మాత్ర కూడా పళ్ళెంలో పెట్టి, కర్పూరం వెలిగించి తెచ్చారు. మోహన్‌రాజ్ పళ్ళెం వైపు ఆశగా చూసి, ఒక్కొక్కటే చూసి, తల అడ్డంగా ఊపి మొహం తిప్పుకున్నాడు.

ఆ చూపు మునియక్క కంట పడింది. కాళిముత్తు ఖాళీ సీసాను తలకిందులు చేసి చూసుకునే చూపు అది. ఆమె కుర్చీలోంచి లేచింది. పంబలు ఆపమంది. అల్లుడి భుజం కింద చేయి వేసి, గుడి వెనక నీళ్ళ డ్రమ్ము దగ్గరికి నడిపించుకుపోయి కూర్చోబెట్టింది.

"ఏం మాత్ర అల్లుడా?"

అతను తల దించుకున్నాడు. లారీ గొట్టం లాగి లాగి నడుం పట్టేసిన రోజుల్లో తోటి డ్రైవరు ఒకడు నొప్పి మాత్ర ఇచ్చాడట.

"ఒకటేస్తే నొప్పి పోయింది అత్తా. నొప్పితో బాటు లోపలుండే దిగులంతా పోయింది. మళ్ళా నొప్పి లేకపోయినా వేసుకున్నా. ఒకటి చాలకుండా పోయింది. ఇప్పుడు వేసుకోకపోతే ఇట్లా అవతా ఉండా. చీటీ లేకుండా ఇచ్చే షాపొకటి ఉంది. ఈ దారం కట్టుకుంటే అమ్మవారే మాన్పిస్తాదని, కట్టుకున్న రోజు నుంచి తగ్గించుకుంటా వచ్చి, నిన్న పొద్దున మొత్తం ఆపేసినా."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్దామనే మీ గడప దగ్గర నిలబడేది. ఊదమంటారు, ఊదతా. మంచోడివి పో అంటారు. మీ అంతటి ముక్కే పట్టుకోలేదు గదా, ఇది అంత తప్పు కాదేమోనని నాకే అనిపించేది." అతను మళ్ళీ వణికాడు. "మొన్న లారీ తోలతా నిద్రపోయినా అత్తా. స్కూలు గోడ పక్కన కాలిబాట మీదికి ఎక్కేసింది. ఆడ ఎవరూ లేకపోబట్టి సరిపోయింది."

జీవితంలో మొదటిసారి మునియక్కకు తన ముక్కు మీదే కోపం వచ్చింది. కాళిముత్తును పోగొట్టుకున్న దారిలోనే ఇతన్నీ పంపిస్తున్నాననీ, ఈసారి రోజూ తల ఊపి మరీ పంపిస్తున్నాననీ అర్థమయింది.

సాయంత్రానికి సంగతి వీధంతా తెలిసింది. తెలిసిన వెంటనే వైద్యాలు మొదలయ్యాయి. మనలిలో సలహాకు కరువు లేదు, నీళ్ళకే కరువు. జెబకుమార్ ఆదివారం ప్రార్థనకు తీసుకురమ్మన్నాడు. ఎవరో ఒక పొడి పేరు చెప్పి, రసంలో తెలియకుండా కలిపితే చాలునన్నారు. ఏళుమలై ఒక సెంటరు సంగతి చెప్పాడు.

"వాళ్ళే వ్యాను తెచ్చి ఎత్తుకుపోతారు అక్కా. గొలుసేసి కట్టి, నాలుగు తగిలిస్తే మూడు నెలల్లో మనిషి దారికొస్తాడు."

"దారికా, మంచానికా?" అంది వల్లి.

వల్లి పేటలోని ఆరోగ్య కేంద్రంలో నర్సు. పిల్లలకు సూదులు వేయడానికి ఇల్లిల్లూ తిరిగే మనిషి. మోహన్‌రాజ్ నాడి చూసి, నీళ్ళలో ఉప్పూ చక్కెరా కలిపి తాగిస్తూ చెప్పింది.

"మునియక్కా, కట్టేసి కొట్టే చోటికి పంపించొద్దు. ఏముందో తెలియని పొడి కలపొద్దు. ప్రార్థన చేసుకోండి, మొక్కు మొక్కుకోండి, అది మీ ఇష్టం. దాంతో బాటు రేపు పొద్దున పెద్దాసుపత్రికి రండి. ఆడ మత్తు మాన్పించేదానికి వార్డే ఉంది. ఈయన లాంటివాళ్ళు రోజూ వస్తారు."

"పోలీసులకు పట్టిస్తారేమో?"

"ఆసుపత్రిలో రోగిని పట్టించేదుంటే మంచాలన్నీ ఖాళీగా ఉండేవి. రా అక్కా, నేనూ వస్తా."

మరునాడు పొద్దున్నే నలుగురూ బస్సెక్కారు. సరణ్య మొగుడి చేయి పట్టుకుని కూర్చుంది. మునియక్క చేతిలో ఇడ్లీల డబ్బా, విభూతి పొట్లం, జెబకుమార్ ప్రార్థన చేసి ఇచ్చిన నూనె సీసా. ఏ దేవుణ్ణీ నొప్పించే ఉద్దేశం ఆమెకు లేదు.

డాక్టరు చాందిని వయసులో చిన్నది. నెల్లూరు వైపు పిల్ల కావడంతో, వీళ్ళ ఇంటి భాషైన తెలుగులోనే మాట్లాడింది. ముందు మోహన్‌రాజ్‌తో ఒంటరిగా చాలాసేపు మాట్లాడి, తర్వాత ఆడవాళ్ళను లోపలికి పిలిచింది. కొన్నాళ్ళు వార్డులో ఉంచి, ఒంటి బాధ తెలియకుండా మందులిస్తామనీ, తర్వాత ఇంటికి పంపి, నాలుక కింద పెట్టుకునే మాత్ర ఒకటి ఇస్తూ, వారం వారం పిలిచి మాట్లాడతామనీ చెప్పింది. నడుం నొప్పికి వేరే వైద్యం చేయిస్తానంది.

మునియక్కకు చిరాకొచ్చింది. "మాత్ర మాన్పించేదానికి మళ్ళా మాత్రా డాక్టరమ్మా? వాడికి సిగ్గుండాల గానీ."

"మీరు రోజూ ఏం మాత్రలు వేసుకుంటారమ్మా?"

"షుగరుకొకటి, బీపీకొకటి."

"సిగ్గు తెచ్చుకుని మానేయొచ్చు గదా."

"సిగ్గుకూ షుగరుకూ ఏంది సంబంధం?"

"నేనూ అదే అడగతా ఉండా" అంది డాక్టరు. "ఈయన మెదడు ఆ మాత్రకు అలవాటు పడిపోయింది. ఉన్నట్టుండి ఆపేస్తే ఒళ్ళు తిరగబడింది. దాన్నే మీరు పూనకం అనుకున్నారు."

"పూనకమే" అంది మునియక్క తగ్గకుండా. "మాత్ర సంగతి బయటపెట్టింది ఎవరనుకుంటా ఉండావు? ఆ తల్లే. ఆమె చెప్పబట్టే ఈడికొచ్చినాం."

డాక్టరు నవ్వేసింది. "సరే, ఆమె చీటీ రాసి పంపించింది, నేను వైద్యం చేస్తా. ఒక్క సంగతి మాత్రం గుర్తుపెట్టుకోండి. ఇంటికొచ్చాక ఎప్పుడో ఒకసారి కాలు జారొచ్చు. చాలామందికి జారుతుంది. అన్నాళ్ళు మానేసినాక పాత లెక్కన వేసుకుంటే మాత్రం ఊపిరి ఆగిపోయే ప్రమాదం ఉంది. అందుకని, మనసు లాగినా, జారినా, దాచకుండా మీకు చెప్పాలి, ఈడికి రావాలి. దాచకుండా చెప్పాలంటే ఇంట్లో పోలీసులు ఉండకూడదు." చెబుతున్నంతసేపూ ఆమె మునియక్కనే చూసింది.

"నేను పోలీసును కాదు. ఊరికే వాసన చూస్తా."

"అదే మానేయండి."

చుట్ట మానమంటే చుట్ట తాగేవాడు పెట్టే మొహం పెట్టింది మునియక్క.

మోహన్‌రాజ్ వార్డు నుంచి ఇంటికొచ్చాక, మొదటి రోజుల్లో ఆమె నిజంగానే వాసన చూడలేదు. దానికి బదులు టార్చిలైటు కొనుక్కుని అతని కంటిపాపలు చూసింది. చొక్కా జేబులు తిరగేసింది. తలగడ కుట్లు విప్పింది. చెప్పుల్లో చేయి పెట్టింది.

"అమ్మా, ఈయన నా మొగుడా, ఎయిర్‌పోర్టులో పెట్టెనా?" అంది సరణ్య.

ఆ వారం ఆసుపత్రిలో కూతురే పితూరీ చెప్పింది. డాక్టరు చాందిని టార్చిలైటు అడిగి తీసుకుని సొరుగులో పెట్టేసింది. మునియక్కకు వేరే మందు రాసింది. రోజూ సాయంత్రం అల్లుణ్ణి "ఈ రోజు ఎట్లుంది?" అని అడగాలి. అడిగి, ఇంక నోరు మూసుకోవాలి. జవాబు ఏదైనా సరే, ఉపన్యాసం ఇవ్వకూడదు.

అడగడం తేలికే. మూసుకోవడమే గండం. మొదట్లో అతను "బాగుంది అత్తా" అనేవాడు. ఒకనాడు మాత్రం, "బాగా లేదు. పొద్దుట్నించీ అదే గుర్తొస్తా ఉంది" అన్నాడు. మునియక్క నోటి దాకా వచ్చిన మాటలన్నీ మింగి, "సెరి" అని మాత్రం అని, చీపురు తీసుకుని వీధిలోకి వెళ్ళింది. ఆ వీధి ఊడ్చి, పక్క వీధి ఊడ్చి, గుడి ముందంతా ఊడ్చి, ఆగకుండా మెయిన్‌రోడ్డు దాకా ఊడ్చుకుంటూ పోయింది. కార్పొరేషన్ మేస్త్రీ ఎదురొచ్చి, రిటైరయినవాళ్ళు ఇలా పని చేస్తే కొత్తవాళ్ళకు ఉద్యోగాలు ఉండవని బతిమాలి ఇంటికి పంపించాడు. తిరిగొచ్చేసరికి మోహన్‌రాజ్ ఆమె గడప మీదే కూర్చుని ఉన్నాడు. గుర్తుకు రావడం తగ్గిందన్నాడు.

డాక్టరు ఒప్పుకునే దాకా అతను లారీ నడపలేదు. నీళ్ళు నింపే స్టేషనులో వాల్వు తిప్పే పని చూసుకున్నాడు. వీధిలో చాటుగా గుసగుసలు వినిపించేవి. మునియక్క చాటు లేకుండా చేసేసింది. కుళాయి దగ్గర నిలబడి, "మా అల్లుడికి మత్తు మాత్రల జబ్బు. వైద్యం జరగతా ఉంది. ఇంకా ఏమైనా తెలియాలంటే అడగండి" అంది. ఎవరూ ఏమీ అడగలేదు. ఒక్క ఏళుమలై మాత్రం, జనమంతా పోయేదాకా ఆగి దగ్గరికొచ్చాడు.

"అక్కా, ఆ వార్డులో తాగేవాళ్ళను కూడా చూస్తారా?"

"చూస్తారు."

"నాకు కాదు. నా స్నేహితుడొకడు ఉండాడు."

"నీ స్నేహితుడి వాసన నాకు బాగా తెలుసు ఏళుమలై. వల్లిని అడుగు, తీసుకుపోతుంది."

మళ్ళీ ఆడి నెల వచ్చింది. ఈ ఏడు మోహన్‌రాజ్ దారం కట్టుకోలేదు. కుండ వద్దని ముందే చెప్పాడు. గుడి ముందు ప్లాస్టిక్ కుర్చీ వేశారు. మునియక్క కొత్త చీర కట్టుకుని, పూలు పెట్టుకుని వచ్చి కూర్చుంది. మగవాళ్ళు వరస కట్టారు. కిందటేడు అమ్మవారు మాత్ర అడిగిన వీధి ఇదేనని పక్క పేటల వాళ్ళు కూడా వచ్చారు. మైకు పలికింది. పంబలు మోగాయి. మునియక్క మెడ సారించి, కళ్ళు మూసుకుని, ముక్కు పైకెత్తింది.

"అత్తా."

కళ్ళు తెరిచింది. మోహన్‌రాజ్ వరసను దాటుకుని వచ్చి కుర్చీ పక్కన నిలబడ్డాడు. మొహం చెమటతో తడిసి ఉంది.

"పొద్దున నడుం పట్టేసింది అత్తా. తెలియకుండానే ఆ షాపు దాకా పోయినా. లోపలికి పోలేదు. వాకిట్లో నిలబడి వెనక్కొచ్చేసినా. ఈ రోజంతా ఇట్లనే ఉంటే మళ్ళా పోతానేమో. నాకు నా మీద నమ్మకం లేదు."

ఆ మాట అతను నెమ్మదిగానే అన్నాడు. మైకు పక్కనే ఉండడం వల్ల వీధంతా విన్నది. పంబలు ఆగిపోయాయి. వరసలో నిలబడ్డవాళ్ళంతా మునియక్క వైపు చూశారు. ఆమె ముక్కు అతని వైపు రవ్వంత కదిలింది. వెంటనే ఆగింది.

"వచ్చి చెప్పినావు గదా" అంది. "పద."

కుర్చీలోంచి లేచి కొంగు దోపుకుంది.

"అక్కా, ఏడికి? ఇంత మంది నిలబడి ఉంటే?" అన్నాడు ఏళుమలై కంగారుగా. "వాసన ఎవరు చూస్తారు?"

"మీ వాసన మీరే చూసుకోండి పా."

"కుండ ఎవరికివ్వాలి?"

"తాగనోడికివ్వు. ఎవడు తాగలేదో వాడికి తెలియదా ఏంది?"

సరణ్య అప్పటికే సంచీ తీసుకుని వచ్చింది. ముగ్గురూ నడుచుకుంటూ బస్టాపుకు వెళ్ళారు. దారి పొడుగునా మునియక్క ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. ఆమె చరిత్రలో అదొక వింత. బస్సులో మోహన్‌రాజ్ ఆమె పక్కనే కూర్చుని, ఆ షాపు వాకిట్లో నిలబడినప్పుడు ఏమనిపించిందో తనంతట తానే చెప్పుకొచ్చాడు. ఆసుపత్రిలో డాక్టరు చాందిని అతన్ని కూర్చోబెట్టి మాట్లాడి, నాలుక కింద మాత్ర మోతాదు సరిచేసి, నడుముకు వేడి పుట్టించే పట్టీ ఒకటి వేయించింది. వెళ్ళేటప్పుడు మునియక్క భుజం తట్టింది.

"ఈ రోజు మీ వీధిలో పండగ గదా? ఎట్లొచ్చారు?"

"పండగకు వాళ్ళుండారు. వీడికి మేముండాం" అంది మునియక్క.

ఎండ తగ్గే వేళకు తిరిగొచ్చారు. గుడి ముందు కూళు పోస్తున్నారు. జనం చెంబులు పట్టుకుని నిలబడి ఉన్నారు. గరిటె పట్టుకుని, చేతికి పసుపు దారంతో, నెత్తిన కుండ మోసిన గుర్తుగా తలపాగా చుట్టుకుని నిలబడ్డది ఏళుమలై. మునియక్కను చూడగానే గరిటె కుండలో వదిలేశాడు.

"నిజంగా తాగలేదక్కా. నువ్వు కుర్చీలో ఉన్నన్నాళ్ళూ నువ్వే పట్టుకుంటావులే అని ధీమాగా తాగేవాణ్ణి. ఈ రోజు నువ్వు లేచిపోయేసరికి, నిజం నేనే చెప్పుకోవాల గదా అని భయమేసింది. దారం కట్టుకున్నాక ఈ వారమంతా ముట్టుకోలేదు. వల్లి ఇప్పించిన మాత్రలు వేసుకుంటా ఉండా." ముందుకు వంగి నోరు తెరిచాడు. "ఊదనా? చూడు కావాలంటే."

వీధంతా చెంబులు దించి చూసింది. ఇలాంటి సాక్ష్యం కోసం అతను ఎన్నేళ్ళుగా ఎదురుచూస్తున్నాడో అందరికీ తెలుసు.

"మూసుకో పా" అంది మునియక్క. "కూళు చల్లారిపోతా ఉంది. మా అల్లుడికి ముందు పొయ్యి. పొద్దుట్నించీ ఏం తినలేదు."

ఏళుమలై పోశాడు. మోహన్‌రాజ్ రెండు చేతులతో చెంబు పట్టుకుని గుటకలు వేశాడు. సరణ్య ఉల్లిపాయ ముక్కలు అందించింది. మునియక్క తన చెంబు ముక్కు దగ్గరికి తెచ్చుకుని, అలవాటు కొద్దీ ఒకసారి గట్టిగా పీల్చింది.

"రాగి మాడింది" అంది. "కుండ మోసినోడు బాగానే ఉండాడు గానీ, కలియబెట్టినోడెవడో నిద్రపోయినాడు."